ఎస్సు మాస్టారి జత

ఏంటమ్మడూ, మళ్ళీ తప్పు పెట్టారా? ఇటు చూపించు... నా కళ్ళజోడెక్కడ పడేశానో ఏమో, నువ్వే చదువు. "హి గో టు స్కూల్". అదీ సంగతి! ఎస్సేదే? మా ఎస్సు మాస్టారు వినుంటే డస్టరు రెండు ముక్కలయ్యేది. అసలు పేరా? ఎవరికి గుర్తుందే, అందరూ అలాగే పిలిచేవాళ్ళు. కర్త ఒక్కడైతే క్రియకి ఎస్సు తగిలించండర్రా అని గొంతు చించుకుని చించుకుని ఆ పేరు తెచ్చుకున్నాడు. పిల్లల్ని ఇద్దరిద్దర్ని జత కట్టేవాడు, ఒకళ్ళు కర్త, ఒకళ్ళు క్రియ. కర్త లేచి "హి" అనగానే క్రియ ఠక్కున "గోస్" అనాలి, "దే" అంటే "గో" అనాలి. నాకు జత ఇస్త్రీ అతని కొడుకు, వట్టి నిద్రమొహం వాడు. ఇందులో ఓ మెలిక ఉందిలే. జతలో ఒకళ్ళు రాకపోతే, వాళ్ళు వచ్చేదాకా రెండోవాళ్ళు కూర్చోకూడదు. "కర్త రాకుండా క్రియ ఎలా కూర్చుంటుందిరా?" అనేవాడు ముక్కుతో. దాంతో పొద్దున్నే వాడింటికెళ్ళి, దుప్పటి లాగి మరీ ఈడ్చుకొచ్చేవాణ్ణి. ప్రేమా పాడా, నా కాళ్ళనొప్పి నాది!

ఏం చెప్తున్నా? ఆఁ, మా క్లాసులోనే ఓ దర్జీ కూతురుండేది. ఆ పిల్లకి ఇంగ్లీషు ముక్క రాదు, జత కట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. "నాకు మాత్రం ఎవరున్నారే? నువ్వు కర్త, నేను క్రియ" అన్నాడు మాస్టారు. ఒంటరివాడులే, భార్య ఎప్పుడో పోయింది. ఆ పిల్ల జ్వరమొచ్చి రాకపోతే, నిజంగా, సాయంత్రం దాకా కుర్చీ ముట్టుకునేవాడు కాదు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు ఆయనే రాలేదు. మా సంబరం ఏం చెప్పను! ఆ పిల్ల మాత్రం కాసేపు నిలబడి చూసి, చెప్పాపెట్టకుండా ఆయనింటికి పరిగెత్తింది. వంటింట్లో పడి ఉన్నాడట. పక్కింటివాళ్ళని కేకేసి ఆస్పత్రిలో చేర్పించింది. పక్షవాతమన్నారు.

కొత్త మాస్టారొచ్చాడు, కూర్చోమన్నాడు. కూర్చున్నాం. ఆ పిల్ల కూర్చోలేదు. తిట్టాడు, బతిమాలాడు, ఊఁహూఁ. హెడ్మాస్టరేమో "పోనీలెండి, రెండ్రోజుల్లో అదే దారికొస్తుంది" అన్నాడు. రెండ్రోజులా, వారాలు గడిచాయి! క్లాసులో రాసేదంతా నిలబడే రాసేది, వంగి వంగి. నేనే ఉండబట్టలేక "కాళ్ళు లాగట్లేదటే నీకు?" అనడిగా. "లాగుతున్నాయిరా. ఆయనొస్తే కూర్చుంటా" అంది. అప్పటిదాకా ఆయన రావాలని నేనొక్కసారైనా అనుకోలేదే.

చివరికి ఓ మధ్యాహ్నం హెడ్మాస్టరు గుమ్మంలోకొచ్చి, మాస్టారు పోయాడని చెప్పాడు. మేమంతా లేచి నిలబడ్డాం.

ఆ పిల్ల ఒక్కతే కూర్చుంది.