ఉత్త నూనె తాగిన ఎలుకలు

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరు గారికి, పెద్దలకు, ముప్పై ఏళ్లుగా నాతోపాటు ఎలుకల గది వాసన భరించిన మిత్రులకు నమస్కారం. నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. వెనక వరసలో కూర్చున్న మా ఆయన మాత్రం ఒక్కటీ నమ్మినట్టు లేరు. పాపం, ఇంట్లో ఆయన నన్ను కోడిమాంసం ముట్టుకోనివ్వరు, కాలేయం కనబడితే తూకం వేస్తానని భయం. (నవ్వులు)

పోయిన నెల మనమొక నివేదిక ఇచ్చాం, గుర్తుందిగా. నెలలు నిండని బిడ్డలకు పాలు పట్టే ప్లాస్టిక్ గొట్టం ఉంది కదా, దాన్ని మెత్తగా ఉంచే రసాయనం ఒంట్లోకి దిగితే ఏమవుతుందన్నది పరీక్ష. గొట్టం ముక్కలు నానబెట్టిన నూనె ఒక గుంపు ఎలుకలకు, ఉత్త నూనె ఇంకో గుంపుకు పట్టాం. రెండింటికీ తేడా లేదు కాబట్టి ప్రమాదం లేదని రాశాం. కింద సంతకం నాది.

మొన్న నా బీరువా ఖాళీ చేస్తుంటే వెనకటి ఏళ్లలో ఉత్త నూనె తాగిన ఎలుకల అవయవాల తూకాల పుస్తకం దొరికింది. సరదాకి ఈ ఏటి లెక్క పక్కన పెట్టి చూశాను. ఈ ఏడు ఉత్త నూనె తాగినవాటికీ కాలేయం ఉబ్బిపోయింది, వృషణాలు సగానికి సగం కుంచించుకుపోయాయి. తేడా లేకపోవడం నిజమే, రెండు గుంపులూ ఒకే విషం తాగాయి. నూనె నిల్వ ఉంచే గాజు సీసాలు పగిలి ల్యాబులో అమ్మాయిల వేళ్లు తెగుతున్నాయని, ఆ గొట్టంలోని రసాయనమే ఉన్న మెత్తటి ప్లాస్టిక్ సంచులు తెప్పించమన్నది నేనే.

జత కట్టించిన గదిలో ఒక్క పిల్లా పుట్టలేదు. రెండు గుంపుల్లోనూ అంతే కదా, ఈసారి వచ్చిన ఎలుకలే అలాంటివని సరిపెట్టుకున్నాం. పెద్దక్కా, గూళ్లు కడుగుతూ నువ్వు "ఏంటమ్మా, కుయ్యిమన్న చప్పుడే లేదు, నాకు భయమేస్తోంది" అంటే, "గోల లేదు, హాయిగా ఉంది" అని నేనే కసిరాను. నిన్న ఆ గదిలోకి వెళ్లి నిలబడ్డాను. అరవై గూళ్లు, అన్ని కళ్లూ నా వైపే, ఒక్క శబ్దం లేదు. తలుపు కూడా వేయకుండా బయటికొచ్చేశాను.

డైరెక్టరు గారూ, రేపు పొద్దున్నే ఆ గొట్టాలు ఆసుపత్రులకు బయల్దేరతాయి. నిన్న మీతో చెబితే "ఒక్క రోజు ఆగండమ్మా, మీ సభ మీరే పాడుచేసుకోకండి" అన్నారు. ఆగాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాసిన కాగితం మీ ముందే పెట్టాను. ఇందాకటి నుంచి దాన్ని మోచేత్తో పక్కకు జరుపుతున్నారు.

ఇంత అభిమానం చూపిన మీ అందరికీ కృతజ్ఞతలు. నేను ఈ మైకు దగ్గరే నిలబడి ఉంటాను సార్. ఆ కాగితం పైకి చదివి, గొట్టాలు ఆపమని ఇక్కణ్నుంచే ఫోన్ చేసి, అప్పుడు నాకు సెలవు ఇప్పించండి.