చివర్లో చెడగొట్టినారు

మార్కాపురం పలకల కార్ఖానాలో షారోన్‌కు అది ఆఖరి సాయంత్రం. రేపట్నుంచి ఒంగోలులో బట్టల దుకాణంలో పని. పక్కన కూర్చుని పలకలకు చెక్కలు బిగిస్తున్న మగ్దలీనమ్మ ఆ ఊసే ఎత్తడం లేదు. పొద్దున్నుంచి నిన్న టీవీలో వచ్చిన ఆఫీసు కామెడీ సీరియల్ గురించే చెబుతోంది.

“టిఫిన్ డబ్బాలు మారిపోయిన కాడ కడుపు నొప్పొచ్చేదాకా నవ్వినా పిల్లా.”

“అయితే బాగున్నట్టేగా అత్తా?”

“ఏం బాగు? ఆ ఆఫీసులో ఒక్కరన్నా పని చేసినారా? పైగా మనం నవ్వకముందే వాళ్లే నవ్వేస్తారు.”

“మరి మేనేజరు?”

“ఆయన బంగారం. తిట్టేది కూడా ముద్దుగా తిట్టినాడు. చివర్లోనే చెడగొట్టినారు. ఉద్యోగం మానేసే పిల్ల గడప కాడ నిలబడి ‘పోతున్నా’ అనింది. అట్ల ఎవరన్నా అంటారా? మళ్లీ రానోళ్ల మాట అది.”

“రాసినాయనకు తెలీదేమోలే అత్తా.”

గంట మోగింది. షారోన్ చేతుల దుమ్ము దులుపుకుని సంచీ భుజాన వేసుకుంది.

“ఇంక పోతా అత్తా.”

మగ్దలీనమ్మ చేతిలో సుత్తి ఆగిపోయింది.

“ఏందే, నీక్కూడా ఆయనే రాసిచ్చినాడా?”

షారోన్‌కు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

“పోయొస్తా అత్తా.”

“ఆఁ, ఇప్పుడు బాగుంది. పోయిరా.”