భుజాలు చూసి గౌను కుట్టిన టేపు మామయ్య

పనులు ఆపుకుని వచ్చిన మీకందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మకి ఇంకో నమస్కారం. టేపు మామయ్యకి సొంత అక్క కాబట్టి ఆవిడ మా అందరికీ పెద్దమ్మే.

ఇలాంటి సభల్లో పోయినవారి పేరు, చదువు, పదవి చెప్పి మొదలుపెట్టడం అలవాటు. మామయ్యకి పదవి లేదు. చదువు మధ్యలోనే వదిలేశాడు. పేరు చెబితే మీలో సగం మంది ఎవరాయన అని పక్కవాళ్ళని అడుగుతారు. మెడలో టేపు వేసుకుని, కాలేజీలో ఎవరి వైవా జరిగినా వెళ్ళి కూర్చునే గౌన్ల దర్జీ అంటే మాత్రం తెలియనివాళ్ళు లేరు.

కాలేజీ ఉన్న ఊళ్ళకి ఇలాంటి మనుషులు ఎక్కడినుంచి వచ్చిపడతారో నాకు తెలియదు. మండుటెండలో రెయిన్‌కోటు వేసుకుని తిరిగిన పాత ల్యాబ్ అసిస్టెంటు మీకు గుర్తున్నాడా? గేటు దగ్గర నిలబడి వెళ్ళే ప్రతి బస్సుకీ చెయ్యూపిన ఆవిడ? వాళ్ళు పోయినప్పుడు మనం సభ పెట్టలేదు. అయ్యో పాపం అనుకుని క్లాసులకి వెళ్ళిపోయాం. మరి ఇవాళ ఎందుకు చేరాం? సరిగ్గా చెప్పలేను. చేరాం, అంతే.

ఈ సభ కోసం నేనొక ప్రసంగం రాసుకున్నాను. మంచి మాటలే రాశాను. కానీ ఈ పొద్దున మామయ్య షాపుకి వెళ్తే పెద్దమ్మ నన్ను కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టి ఒక మాట అడిగారు. "అమ్మాయీ, 'అక్కా, ఇవాళ కూడా వైవాలో నన్ను ముందు కూర్చోబెట్టారే' అని వాడు ఇంటికొచ్చి చెప్పేవాడు. నువ్వు అక్కడే ఉన్నదానివి. నా దగ్గర దాచకు. వాణ్ణి మర్యాదగా చూసేవాళ్ళా, చూసి నవ్వుకునేవాళ్ళా?"

సభలో చెబుతానన్నాను. అందుకే రాసుకున్న కాగితాలు సంచిలోనే ఉన్నాయి.

వైవా అంటే ఏమిటో తెలియనివారు కూడా ఇక్కడ ఉన్నారు. పరిశోధన పూర్తిచేసిన విద్యార్థి పరీక్షకుల ముందు నిలబడి, వాళ్ళు అడిగినవాటికి నోటితో జవాబు చెప్పాలి. ఎవరైనా వచ్చి వినవచ్చని తలుపు మీద కాగితం అంటిస్తారు. బయటినుంచి ఎవరూ రారు. మామయ్య వచ్చేవాడు.

ఎందుకు వచ్చేవాడు? గిరాకీ కోసమని కొందరన్నారు. పట్టా పుచ్చుకునే రోజు వేసుకునే డాక్టరేటు గౌన్లు కుట్టేది ఊళ్ళో ఆయనొక్కడే అయినప్పుడు గిరాకీ ఎక్కడికి పోతుంది? ఆయన పద్ధతి వేరు. "కొలతలు తీస్తానంటే ప్రతివాడూ ఛాతీ విరుచుకుని నిలబడతాడమ్మా. అలా కుడితే ఆ గౌను వాడిది కాదు, వాడి గొప్పలది. ప్రశ్న అడిగాక చూడు, భుజాలు వాటి చోటికి అవే వస్తాయి." వైవా చూడకుండా ఆయన గుడ్డ మీద కత్తెర పెట్టేవాడు కాదు.

ఈ సిద్ధాంతం ఒకసారి ఘోరంగా దెబ్బతింది. కెమిస్ట్రీ విభాగంలో ఒక మొహమాటస్తుడు వైవాలో భయంతో బాగా ముడుచుకుపోయాడు. మామయ్య ఆ ముడుచుకున్న భుజాలకే కుట్టాడు. స్నాతకోత్సవం రోజున పట్టా అందుకోబోతూ ఆ మనిషి సంతోషంతో నిటారుగా నిలబడ్డాడు. గౌను కాస్తా మోకాళ్ళ పైకి లేచిపోయింది. హాలంతా గొల్లుమంది. మామయ్య ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి, వేదిక మెట్ల మీదే కూర్చుని అంచు మడత విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూ అన్నాడు: "తప్పు నాదే బాబూ. నువ్వింత పొడుగని ఆ రోజు నీకే తెలియదు."

నా వైవాకీ వచ్చాడు. ఆ రోజు ఇద్దరు పరీక్షకుల్లో ఒకరి రైలు ఆలస్యమైంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కూర్చున్న మామయ్యని చూసి, అప్పటికే వచ్చిన ఒకాయన ఈయనే రెండో పరీక్షకుడనుకున్నారు. మెడలో టేపుని ఏమనుకున్నారో మరి! లేచి నమస్కారం పెట్టి, పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. మా గైడుగారు నోరు తెరిచేలోపే టీ కూడా వచ్చేసింది. చివర్లో, మీరూ ఏదైనా అడగండి అన్నారు. మామయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇంత రాశారు కదమ్మా, ఇందులో మీకే నచ్చిన పేజీ ఏది?"

నేను ఏదో ఒక పేజీ చెప్పాను. చెబుతూ ఉండగానే అది కాదేమో అనిపించింది. అసలు పేజీ ఏదో ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను.

ఆయన్ని పెద్ద జ్ఞానిని చెయ్యడం నాకిష్టం లేదు. చాలా వైవాల్లో హాయిగా నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు. గౌను ఆలస్యం చేసి, అడగడానికి వచ్చినవాళ్ళనే కసిరేవాడు. గుండీల గురించి మాట్లాడటం మొదలుపెడితే ఎవరికైనా బస్సు తప్పిపోవాల్సిందే. ఇవన్నీ వదిలేసి మాట్లాడితే మనం తలచుకునేది మామయ్యని కాదు.

కానీ ఒక రోజు సంగతి చెప్పాలి. నత్తి ఉన్న ఒక పరిశోధక విద్యార్థి వైవా. పిల్లలు నేర్చుకుంటారని ఆ రోజు ఒక క్లాసు మొత్తాన్ని తీసుకొచ్చి వెనక కూర్చోబెట్టారు. ఒక మాట దగ్గర అతనికి గొంతు ఆగిపోయింది. పరీక్షకుల్లో ఒకాయన ఆగలేక ఆ మాటని తనే పూర్తి చేశారు, అదీ తప్పుగా. అతను కాదని తల ఊపి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగిపోయింది. వెనకనుంచి కిసకిసలు. అవి ముందుకి పాకుతున్నాయి. అతను బల్ల అంచు పట్టుకున్నాడు. ఇంకో నిమిషం గడిస్తే బయటికి వెళ్ళిపోయేవాడే.

అప్పుడు మామయ్య లేచాడు. తిన్నగా ఆ పరీక్షకుడి దగ్గరికి నడిచాడు. "సార్, మీ కోటు ఎడమ భుజం జారింది, ఒక్క నిమిషం" అంటూ ఆయన భుజం మీద టేపు పెట్టేశాడు. అంత పెద్దమనిషీ ఏం చెయ్యాలో తెలియక చెయ్యి సగం ఎత్తి ఉండిపోయాడు. ఇక చూడండి, హాలు పగలబడి నవ్వింది. పిచ్చి ముదిరిందని ఒకరు, అలాగే చొక్కా కొలత కూడా ఇవ్వండి సార్ అని ఒకరు. ఆ గోలలో ఆ విద్యార్థి వంక చూసినవాళ్ళు లేరు. అతను మంచినీళ్ళు తాగాడు. కాగితాలు సర్దుకున్నాడు. ఊపిరి తీసుకున్నాడు. గోల సద్దుమణిగాక మాట్లాడాడు. నెమ్మదిగా, చివరిదాకా. అతని మాటల్ని మళ్ళీ ఎవరూ పూర్తి చెయ్యలేదు.

తరవాత వరండాలో అడిగాను, కావాలనే చేశారా మామయ్యా అని. ఆయనకి కోపం వచ్చింది. "నిజంగానే జారిందమ్మా" అన్నాడు.

జారిందేమో. నాకు తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా తెలియదు.

పెద్దమ్మా, ఇక మీ ప్రశ్న. నవ్వేవాళ్ళం. ఆ హాల్లోనూ నవ్వాం, క్యాంటీన్లోనూ నవ్వాం, ఆయన వింటూ ఉండగానూ నవ్వాం. ఆయన్ని ముందు కూర్చోబెట్టేవాళ్ళా? నా వైవా రోజు తప్ప ఎవరూ కూర్చోబెట్టలేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉండేది, ఆయనే వెళ్ళి కూర్చునేవాడు. మీ తమ్ముడు మీకు కాస్త పెంచి చెప్పాడు.

కానీ లేవమని కూడా ఎవరూ అనలేదు. వైవాకి లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ మొదట ఆ కుర్చీ వైపు చూసేవాళ్ళు. ఆయన లేకపోతే, వస్తాడేమోనని తలుపు వైపు చూసేవాళ్ళు. దీన్ని మర్యాద అంటారా? నవ్వూ మర్యాదా ఒకే మొహంలో ఇముడుతాయా? ఇముడుతాయనే నాకనిపిస్తోంది. అయితే నా అనుమానాల సంగతి మీరూ విన్నారు కదా, నా ఒక్కదాని మాట మీద నమ్మకం పెట్టుకోకండి.

మిత్రులారా, దయచేసి అందరూ లేచి నిలబడండి. తలలు మాత్రం వంచుకోవద్దు. పెద్దమ్మ అడిగిన మాట మీరూ విన్నారు. ఆవిడ ఇప్పుడు లేచి, వెనక్కి తిరిగి మీ మొహాలు చూస్తారు. మౌనంగా ఆవిడ వంకే చూడండి. మామయ్య గుర్తొచ్చి ఎవరికైనా నవ్వొస్తే దాచుకోవద్దు. ఏడుపొచ్చినా దాచుకోవద్దు. ఆవిడ చాలనుకుని కూర్చునేదాకా ఇలాగే నిలబడదాం.

పెద్దమ్మా, వెనక్కి తిరగండి.