పాతర తీసే రోజు

1966 జూన్. రాయకోట దగ్గర ఒక పల్లె. బాగలూరుకు బావుల పనికి పోయిన వరదప్ప రెండు నెలలకు ఇల్లు చేరి, పెరట్లో భూమిలో తవ్విన రాగుల పాతర దగ్గర గడ్డపారతో నిలబడ్డాడు. పెళ్లాం అంజినమ్మ పక్కనే ఉంది.

“రూపాయి చిన్నదయిందా? యాడ, చూపించు. నాకు ముందరి మాదిరే అగుపిస్తాది.”

“నవ్వు, నవ్వు. సైజు కాదు అంజినమ్మా, విలువ. సర్కారోళ్లు తగ్గించేసినారు. ముందర డాలరుకి అయిదు రూపాయలు కూడా లేదు. ఇప్పుడు ఏడున్నర.”

“నువ్వు బాగలూరులో బావి తవ్వినావా, డాలర్లు తవ్వినావా?”

“కృష్ణగిరిలో బస్సు దిగి ఎరువు అంగడికి పోయినాను. ఆ ఎరువు ఓడల్లో వస్తాదంట. దానికి డాలర్లే ఇయ్యాల. మూటకి రేటు సగానికి సగం ఎక్కించినాడు అంగడాయన.”

“అట్లయితే మన రాగులకూ సగం ఎక్కిస్తాడా?”

“ఎందుకు ఎక్కిస్తాడు? మన రాగులు ఓడెక్కినాయా?”

“అయ్యో పాపం. ఓడెక్కినవాటికేనా మర్యాద?”

“ఎగతాళి చాలు. ఎరువు లేకుంటే కొత్త రకం వడ్లు చేతికి రావు. ఈ ఏడు మడి బీడే. అందుకే పాతర తీసి రాగులమ్మి ఎరువు తెస్తాను. దీపం తే, గాలి మంచిదో చెడ్డదో దించి చూడాల.”

“ఈ పొద్దు మంగళవారం.”

“మంగళవారమైతే?”

“మంగళవారం పాతర తీస్తారా యాడన్నా?”

“పోయినేడు మంగళవారమే తీస్తిమి గదా.”

“అందుకే వాన్లు లేకపోయె. ముందు ముద్ద తిను, రా.”

“పొద్దున తింటి గదా. అదేం ముద్ద, తెల్లగా?”

“రేషన్ గోధుమ.”

“రాగులు పండించేవాళ్లింట్లో గోధుమ ముద్దా?”

“అమెరికా నుంచి ఓడెక్కి వచ్చింది గదయ్యా, మనం మర్యాద చేయొద్దా?”

“నీతో మాట్లాడి గెలిచినోడు లేడు. ఇదేంది, పాతర మూత కొత్తగా అలికినట్టుండాదే?”

“నువ్వొస్తావని ఇల్లంతా అలికినాను. దాన్ని మాత్రం ఇడిసిపెడతానా?”

“మంచిదే. అంగడి దగ్గర అందరూ తల పట్టుకోని కూర్చున్నారు. నేను మాత్రం నవ్వుకుంటా వచ్చినాను. ఎందుకో తెలుసా?”

“ఎందుకంట?”

“రూపాయల్లో దాచినోళ్లంతా నెత్తిన గుడ్డేసుకున్నారు. మనం గింజ దాచినాం. సర్కారు రూపాయిని తగ్గించొచ్చు. మట్టిలో ఉండే రాగుల్ని ఎట్లా తగ్గిస్తాది?”

“శానా తెలివైనోడివి. ఊరికి పోతా నాకేం చెప్పినావో జ్ఞాపకముండాదా?”

“ఏం చెప్పినాను?”

“నేనొచ్చే లోపల ఎరువుకి దుడ్లు సిద్ధం చేసిపెట్టు అని.”

“చెప్పినాను. మీ అన్న దగ్గర బదులు తీసుకుంటావనుకుంటి.”

“మా అన్న దగ్గర నేనెప్పుడన్నా చెయ్యి చాపినానా?”

“లేదు.”

“మరి?”

“అంజినమ్మా, దీపం యాడ?”

“దీపమెందుకయ్యా? పోయిన నెల సంతలో రాగులకు మంచి రేటొచ్చె. గింజల యాపారి పాపన్న బండి కట్టుకోనొచ్చి మొత్తం కొల్చుకోని పోయె.”

“మొత్తమా?”

“నువ్వు ఇంట్లో లేవు, దొంగల భయం. కుండలో పెట్టి ఆ పాతరలోనే దించినాను. నిదానంగా దిగు, అంతా రూపాయలే.”