చెవీ, తాళంచెవీ

సభకు అధ్యక్షత వహిస్తున్న హెడ్మాస్టారు గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, కుర్చీలు చాలక కిటికీలెక్కిన పిల్లలకు, నాతోపాటు ఈ బడిలో చదివి నాతోపాటే తిట్లు తిన్న స్నేహితులకు, అందరికంటే ముఖ్యంగా, ఇవాళ వీడ్కోలు తనకే అయినా వేదిక మీద వేసిన కుర్చీ వదిలేసి, అలవాటుకొద్దీ అదిగో ఆ చిట్టచివరి వరుసలో తలుపు పక్కన కూర్చున్న మా లెక్కల టీచరు గారికి నమస్కారం.

ఈ మైకు నాకొద్దు, తీసేయండి బాబూ. (నవ్వులు.) నేను సిటీ బస్సు కండక్టర్ని. కాలు పెట్టే సందు లేని బస్సులో, వెనక మెట్టు మీద నిలబడి ముందు తలుపు దగ్గరున్నవాళ్లకి స్టాపు పేరు వినిపించేదాన్ని. నా చేతికి మైకు కూడా ఇస్తే మీ చెవులు చిల్లులు పడతాయి. ఈ గొంతు మా అమ్మానాన్నలు ఇచ్చింది కాదు, ఆ వెనక కుర్చీ ఇచ్చింది. ఏడో తరగతిలో నా పేరు ‘గుసగుస’. ఆ పేరు పెట్టిందీ టీచరు గారే. హాజరు పిలిచినప్పుడు నేను ‘వచ్చానండీ’ అంటే నా పక్క పిల్లకే వినపడేది కాదు. బళ్లో కూర్చునే సగం రోజులు గైర్హాజరు వేయించుకున్నాను.

శనివారం మధ్యాహ్నాలు ఈ హాలు తెరిచి ఆవిడ నాటకాలు మొదలుపెట్టినప్పుడు, లెక్కల టీచరుకి నాటకాలేమిటని చెవులు కొరుక్కున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. ఎవరో చెప్పను కానీ, తర్వాత వేషం కావాలని ఆవిడ చుట్టూ తిరిగిందీ వాళ్లే. ఆసుపత్రివాళ్లు పారేసే దుప్పట్లు అడిగి తెచ్చి, ఉతికి, రంగువేసి, తెర కుట్టారు. ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని లాక్కొచ్చారు. మా వీధి ప్లంబరన్న చేత రాజు వేషం వేయించారు, సింహాసనం మీద కూర్చుని కూడా ఎక్కడ పైపు కారుతోందోనని కప్పు వైపే చూసేవాడు. (నవ్వులు.) ఉడుక్కోకన్నా, ఉన్న మాటే కదా! అరవయ్యో ఏట మా అత్తగారి చేత రాణి వేషం వేయించారు. ఆవిడ ఇంటికొచ్చాక కూడా ఆ వేషం తీయలేదు, ఆ కష్టాలు నావి. (నవ్వులు. ‘ఇంటికి రా, నీ సంగతి చెప్తా!’ అని సభలోంచి ఒక గొంతు.) విన్నారుగా! అదీ శనివారం గొంతే.

ఇక నా మొదటి వేషం. ఒకే ఒక్క మాట. వానలో తడిసిన పిల్ల వచ్చి తలుపు తట్టి, ‘అయ్యా, తలుపు తీయండి’ అనాలి. అన్నాను. వెనక కుర్చీలోంచి, ‘వెనక్కి వినపడలేదు!’ మళ్లీ అన్నాను. ‘వెనక్కి వినపడలేదు!’ ఇలా పదమూడుసార్లు. లెక్కల టీచరు శిష్యురాల్ని కదా, లెక్క తప్పలేదు. పద్నాలుగోసారి ఏడుపూ కోపమూ కలిసొచ్చి, ‘అయ్యా, తలుపు తీయండీ!’ అని ఒక్క అరుపు అరిచాను చూడండి, బయట గేటు దగ్గర కునికిపాట్లు పడుతున్న వాచ్‌మన్ తాత ఉలిక్కిపడి, పరుగెత్తుకొచ్చి, నిజంగానే హాలు తలుపు బార్లా తీశాడు! (నవ్వులు, చప్పట్లు.) ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా అన్నయ్య మీద కూడా మొదటిసారి అరిచాను. పాపం, వాడు ఇప్పటికీ తేరుకోలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఆవిడ అనుమతితోనే చెబుతున్నాను. ‘నాకైతే ఏడుపొస్తుంది, నువ్వే చెప్పవే’ అన్నారు. మూడు వారాల కిందట టీచరు గారు నా బస్సెక్కారు. ‘ఎక్కడ దిగుతారు టీచర్?’ అన్నాను. ‘బాగానే రాశాడే, ఫలితాలు రావాలి’ అన్నారు. మనవడి పరీక్షల గురించి అడిగాననుకున్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. బస్సు ఖాళీ అయ్యేదాకా కూర్చుని, చివరి స్టాపులో నా చెయ్యి పట్టుకున్నారు. పాతికేళ్ల కిందట జ్వరమొచ్చి ఎడమ చెవి పోయిందట. కుడి చెవి కూడా ఏడాదికింతని తగ్గుతూ వచ్చిందట. ‘పాఠాలు చెప్పనివ్వరేమోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదే. మీరంతా బాగానే మాట్లాడారేమో, నాకే వినపడలేదేమో. పసిపిల్లలు గొంతులు చించుకునేలా చేశాను. నీ గొంతు చిన్నదో, నా చెవి చిన్నదో, నాకీనాటికీ తెలీదు’ అన్నారు.

అందుకని ఇవాళ పొద్దున తన రిటైర్మెంటు కాగితాలతోపాటు ఈ హాలు తాళంచెవి కూడా తెచ్చి అప్పగించేశారు. అదిగో, అధ్యక్షుల వారి బల్ల మీద, నీళ్ల గ్లాసు పక్కన. శనివారాలు ఇక లేవన్నారు. ‘వినపడనిదాన్ని, వెనక కూర్చుని ఏం ఉద్ధరిస్తాను?’ అన్నారు. నడిపేవాళ్లు లేకపోతే విరిగిన బెంచీలు ఇందులో పెట్టిస్తామని హెడ్మాస్టారు గారు అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, అవి వరండాలో తడిసిపోతున్నాయి మరి.

టీచర్, నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. సభ అని కూడా చూడను, చెప్పేస్తాను. పిల్లలకి అన్యాయం చేశానంటారా? కిందటి వానల్లో ఒక పిల్ల చెప్పు జారిందని వంగి, నా బస్సు వెనక టైరుకి వెనకాలే కూర్చుండిపోయింది. బస్సు వెనక్కి వస్తోంది. ఈల వెతుక్కునే వ్యవధి లేదు. ‘ఆపు!’ అని నేనరిచిన అరుపు అంత వానలోనూ డ్రైవరన్నకి అందింది. ఆ పిల్ల ఇప్పుడు మూడో కిటికీలో ఉంది. చెయ్యెత్తవే తల్లీ! (చప్పట్లు.) గుసగుస అరిచే అరుపా అది? ఆ అరుపు మీది టీచర్, మీది!

చెవులు బాగున్నవాళ్లు ఎంతమంది లేరు? వాళ్ల ముందు మేం బద్ధకిస్తాం, సగం మాటలు మింగేస్తాం. మీకు వినపడితే ఊరంతటికీ వినపడినట్టే, అందుకే మాకు మీరే కావాలి. చెవి పోయిందని తాళంచెవి కూడా ఇచ్చేస్తారా? (నవ్వులు.) బెంచీలకి వరండాలో నేనూ ప్లంబరన్నా రేకుల చూరు దింపుతాం. తెర సంగతి రాణీ వారు చూసుకుంటారు. ఆ వెనక కుర్చీలో మాత్రం మీరే కూర్చోవాలి.

రాసుకొచ్చింది ఇంకా రెండు పేజీలుంది, మడిచేస్తున్నాను. మీరు నేర్పిన మొదటి మాటే అంటాను. అయ్యకి బదులు అమ్మ, అంతే తేడా. అమ్మా, తలుపు తీయండి!

(చివరి వరుసలోంచి టీచరు గారు: ‘వెనక్కి వినపడలేదు!’ నవ్వులు.)

చూశారా, చూశారా! నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటున్నారు. లేవండి, అందరూ లేవండి! హెడ్మాస్టారు గారూ, మీరు కూడా. ప్లంబరన్నా, కప్పు వైపు చూడకు. ఒకటి, రెండు, మూడు!

(సభ అంతా: ‘అమ్మా, తలుపు తీయండి!’)

లేచారు! వస్తున్నారు, కాళ్లు తీయండమ్మా, దారివ్వండి. మెట్లు జాగ్రత్త టీచర్. సార్, ఆ గ్లాసు కాస్త జరపండి... తీసుకున్నారు! తాళంచెవి తీసుకున్నారండీ! (చప్పట్లు, ఈలలు.) ఏమిటి టీచర్? ఏదో అంటున్నారు, పెదవులు కదులుతున్నాయి, గొంతు రావటం లేదు.

(కిటికీల మీంచి పిల్లలు: ‘వెనక్కి వినపడలేదు!’)

(నవ్వులు. టీచరు గారు, గట్టిగా: ‘శనివారం, రెండింటికి! ఆలస్యంగా వస్తే గైర్హాజరు!’)

వినపడిందా అందరికీ? ఇక నా మాటలతో పనేముంది! ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. శనివారం దాకా సెలవు.