బొట్టు బిళ్ళలు

హెర్న్‌డన్, వర్జీనియా. 2013 డిసెంబరు, వాన కురుస్తున్న సాయంత్రం. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న ధర్మారావు వంటగది. ఎదురింటి విద్య ఖాళీ గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది.

"నవంబరు రెండు, శనివారం. ఎందుకు గుర్తుండదమ్మా? మీ ఆయన ఇక్కడే భోంచేశాడు. గోంగూర పప్పు, గుమ్మడి వడియాలు. పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయాను. పాపం, ఒక్క మాట అనకుండా రెండుసార్లు వడ్డించుకున్నాడు. తిన్నాకే ఇద్దరం గన్ షాపుకి బయల్దేరాం."

"ఉప్పు లేకపోతే ఏమీ అనలేదా అంకుల్?"

"అనలేదే. బంగారం లాంటి మనిషి."

"ఊఁ."

"ఏమ్మా?"

"ఏం లేదు. అయితే ఆ గన్ మీరే సెలెక్ట్ చేశారా?"

"సలహా ఇచ్చానంతే. ముందు పాయింట్ ట్వంటీ టూ పిస్టల్, చిన్న బుల్లెట్లది, తీసుకోమన్నాను, నా దగ్గరున్న దానిలాంటిది. తేలిగ్గా ఉంటుంది, చేతిని వెనక్కి తన్నదు, కొత్తవాళ్ళకి అదే మంచిది. కానీ ఈ ఏడాది వాటికి బుల్లెట్లు ఎక్కడా దొరకడం లేదు. దాంతో కార్బైన్ చూశాం. పైకి చిన్న రైఫిల్‌లా ఉంటుంది, లోపల పడేది పిస్టల్ బుల్లెట్టే. భుజానికి ఆనించుకుంటాం కాబట్టి గురి కదలదు."

"అంటే ఎవరు కాల్చినా తగులుతుందా?"

"దాదాపు అంతే. మొదటిరోజే పది గజాల నుంచి అన్నీ అరచెయ్యంత చోటులో వేశాడు. నాకు ముచ్చటేసింది."

"పది గజాలంటే ఎంత అంకుల్? మా హాల్లోంచి బెడ్‌రూమ్ దాకా ఉంటుందా?"

"అంతకంటే ఎక్కువే. ఎందుకూ?"

"ఊరికే. నాక్కూడా నేర్చుకోవాలనుంది. నాకు ఏది బాగుంటుందో అడుగుదామనే వచ్చాను."

"గిన్నె ఇవ్వడానికి వచ్చావనుకున్నాను."

"రెండూనూ."

"మంచిదేనమ్మా. మా షూటింగ్ రేంజ్‌లో అందరూ ముసలాళ్ళే, ఒకళ్ళ మోకాళ్ళ గురించి ఒకళ్ళం చెప్పుకుంటూ కాలుస్తాం. నువ్వొస్తే కొంచెం కళగా ఉంటుంది. ఏదీ, చెయ్యి చూపించు. పిస్టల్ పిడి చేతికి సరిపోవాలి, అన్నిటికంటే ముందు అది చూసుకోవాలి... ఆ చెయ్యి కాదమ్మా, కుడిచెయ్యి."

"కుడిచెయ్యి నొప్పిగా ఉంది. తలుపులో పడింది."

"ఐస్ పెట్టావా?"

"పెట్టాను. అంకుల్, ఆ కార్బైన్‌లో బుల్లెట్లు ఉన్నదీ లేనిదీ దూరం నుంచి చూస్తే తెలుస్తుందా?"

"తెలియదు. అందుకే ఎప్పుడూ ఉన్నట్టే అనుకోవాలంటారు. అదే మొదటి పాఠం."

"నేనూ అలాగే అనుకుంటున్నాను."

"ఇంట్లో తాళం వేసిన పెట్టెలో పెట్టమని మరీ మరీ చెప్పాను అతనికి. పెడుతున్నాడుగా?"

"టీ పెట్టనా అంకుల్?"

"తర్వాత పెడుదువుగాని. పెట్టెలో పెడుతున్నాడా, లేదా?"

"సోఫా పక్కన ఉంటుంది. టీవీ చూస్తూ తుడుస్తుంటాడు. నేను కిచెన్‌లోకి వెళ్తే అటు తిప్పుతాడు. వచ్చి కూర్చుంటే ఇటు తిప్పుతాడు. జోకట. నేను భయపడితే, ఖాళీదే పిచ్చిదానా అంటాడు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"అది కాదు అంకుల్, నేను అడగాలనుకున్నది వేరే. నా బొట్టు బిళ్ళల ప్యాకెట్లు కనబడ్డం లేదు. శ్రీరామ్ రేంజ్‌కి పట్టుకెళ్తున్నాడు. ఏమిటిదంటే ధర్మారావు అంకుల్ నేర్పారు అన్నాడు. నిజమేనా?"

"ఓ, అదా. నిజమే, అది నా పిచ్చి. మీ భానుమతి ఆంటీ పోయాక చీరలు, చెప్పులు, కోట్లు అన్నీ ఇచ్చేశాను. బొట్టు బిళ్ళలు ఎవరికివ్వను? ఇండియా వెళ్ళినప్పుడల్లా డబ్బాడు తెచ్చుకునేది. పారేయడానికి చేతులు రాలేదు. టార్గెట్ కాగితానికి చిల్లు పడుతుంది కదా, దానిమీద ఒక బిళ్ళ అతికిస్తే ఆ కాగితమే మళ్ళీ వాడుకోవచ్చు. పక్కవాళ్ళు నవ్వుతారు. నాకు మాత్రం ఒక్కో చిల్లూ ఆవిడే వచ్చి మూసి వెళ్ళినట్టుంటుంది. శ్రీరామ్‌కి అదే చూపించాను. ఆవిడ ప్యాకెట్ ఒకటి ఇచ్చాను కూడా."

"చిల్లు మీదా అంకుల్?"

"మరి? చిల్లు మీదే."

"తను కాల్చకముందే అతికిస్తాడు."

"గురి కుదరడానికేమో. గుండ్రాల కాగితంలో సరిగ్గా మధ్యన పెడితే..."

"గుండ్రాలవి కాదు. మనిషి బొమ్మ ఉంటుందే, నల్లగా, తలా భుజాలూ. దానికి నుదుటి మీద పెడతాడు. నావి, ఈ ఎర్రవే. కాల్చాక ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద అంటిస్తాడు. పాలు తీయాలన్నా అది చూస్తూ తీయాలి."

"నువ్వు ముందు కూర్చో అమ్మా."

"నిన్న కాల్చనిది ఒకటి తెచ్చాడు. బొట్టు పెట్టి ఉంది. మంచం పక్కన, నేను పడుకునే వైపు గోడకి అంటించాడు. ఇదేమిటి, దీన్ని కాల్చలేదేం అన్నాను. ఇది రేంజ్‌లో కాల్చేది కాదులే అన్నాడు."

"విద్యా, పోలీసులకి ఫోన్ చేద్దాం."

"ఏమని చెప్పను అంకుల్? మా ఆయన కాగితానికి బొట్టు పెట్టాడనా? బొట్టంటే ఏమిటని అడుగుతారు. స్టికర్ అంటాను. స్టికర్ అయితే ఏమిటంటారు. అది నుదుటి మీద పెడితే నేనే అని వాళ్ళకెలా అర్థమవుతుంది? గ్రీన్ కార్డ్ వచ్చాకే గన్ కొన్నాడు, అంతా లీగల్. చెయ్యి కూడా తలుపులో పడిందని ఆఫీసులో అందరికీ చెప్పేశాను."

"నాక్కూడా అదే చెప్పావు."

"అలవాటైపోయింది."

"నీకు చెప్పడం రాకపోతే నేను చెప్తాను. షాపులో కౌంటర్ దగ్గర ఆ గన్ అతని చేతికిచ్చి, భుజానికి ఎక్కడ ఆనించాలో చూపించింది నేను. బొట్టు సంగతి నేర్పిందీ నేనే. నేను చెప్తే వింటారు."

"రేపు చెబుదురుగాని. ఈ ఒక్క రాత్రికి ఇక్కడ పడుకుంటాను. అంకుల్... మీ పిస్టల్ ఎక్కడుంది?"

"పైన, పెట్టెలో, తాళం వేసి. అక్కడే ఉంటుంది. అది కాగితాల కోసం కొన్నదమ్మా. నువ్వు ఇక్కడికొచ్చినట్టు అతనికి తెలుసా?"

"తెలీదు. సోఫాలో నిద్రపోతుంటే గిన్నె తీసుకుని వచ్చేశాను."

"బెల్లు మోగింది. నువ్వు ఆంటీ గదిలోకి వెళ్ళు. లైటు వేయకు. వెళ్ళమ్మా."

*

"సారీ అంకుల్, ఈ వానలో. విద్య ఇటు వచ్చిందా?"

"లేదే శ్రీరామ్. ఏం బాబూ?"

"కునుకు తీసి లేచేసరికి లేదు. కారు ఇంటి దగ్గరే ఉంది. ఎంత దూరం పోతుందిలే."

"ఎవరితోనైనా గుడికి వెళ్ళిందేమో. శనివారం కదా."

"ఫోన్ కూడా ఇంట్లో వదిలేసి వెళ్ళింది. మీ గుమ్మంలో ఈ చెప్పులెవరివి అంకుల్?"

"అవా? మీ ఆంటీవి."

"ఆంటీవన్నీ ఇచ్చేశానన్నారుగా? బొట్టు బిళ్ళలు తప్ప."

"ఒక్క జత ఉంచుకున్నాను బాబూ. గుమ్మంలో ఆడమనిషి చెప్పులుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుంది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

"నవ్వడమెందుకు అంకుల్. కానీ బాగా తడిసిపోయాయి."

"జల్లు లోపలిదాకా కొడుతోంది."

"లోపల పెట్టుకోండి మరి. జాగ్రత్తగా చూసుకోండి, ఆంటీవి కదా."

"పెడతాలే. భుజాన ఆ సంచి ఏమిటి? రేంజ్ మూసేసుంటారు ఈపాటికి."

"తెలుసు. ఉండనివ్వండి, అలవాటైంది. అన్నట్టు అంకుల్, మీరు ఆ రోజు పెట్టిన పప్పులో ఉప్పు లేదు."

"అప్పుడే చెప్పాల్సింది బాబూ."

"పరాయి ఇంట్లో ఎందుకని ఊరుకున్నాను."

"తడుస్తున్నావు. ఇంటికెళ్ళు, నాయనా."

*

"వెళ్ళాడా అంకుల్?"

"వెళ్ళాడమ్మా. చప్పుడు కాకుండా తలుపేశాను, గడియ కూడా పెట్టాను. ఇక రేపు పొద్దున దాకా తీయను."

"నమ్మాడా?"

"నమ్మినట్టే ఉన్నాడు. చెప్పులు లోపల పెట్టుకోమన్నాడు. ఇవిగో, తెచ్చాను. పొయ్యి పక్కన పెడితే ఆరతాయి."

"వెళ్తూ ఏమన్నాడు?"

"కొత్తగా ఏమంటాడు, మనవాళ్ళు ఎవరైనా అనేదే. వెళ్ళొస్తానన్నాడు... విద్యా, కిటికీ దగ్గర్నుంచి ఇవతలికి రా. ఆ బల్ల మీది నా ఫోను ఇటివ్వు, రేపటిదాకా ఆగొద్దు."