తెల్లబడ్డ బండ

ఎదకొచ్చిన బర్రెలకు సూదులేసే పాండు, సురంగల్ ఊర్ల నిర్మలమ్మ పక్కింట్ల చాయ్ తాగి వచ్చేసరికి అతని బండి పడి ఉన్నది. సూదిమందును మంచుకన్న చల్లగ ఉంచే నైట్రోజన్ డబ్బా ఒరిగి ఖాళీ అయింది. నిర్మలమ్మ తన కొట్టం ముందట కూసొని చూస్తున్నది.

“ఎప్పుడు పడ్డదవ్వా?”

“నువ్వటు పోంగనే.”

“చూసినవా?”

“కండ్లార చూసిన. డబ్బాల ఉన్నదంత మొదలు బండ మీద సుయ్యిమనుకుంట అటిటు ఉరికింది. బండ గడ్డకట్టి తెల్లబడ్డంక ఉరుకుడు బందైంది. పడ్డకాడనే కుతకుత ఉడికి పొగై పోయింది.”

“మందంత ఖరాబైంది. జర లేపి నిలబెడితే ఏం పోయేది?”

“నా బర్రె గూడ మొదలు మస్తు గింజుకున్నది. దూడ అడ్డం తిరిగింది, జర రా బిడ్డా అని ఫోన్ చేసిన. ఏమన్నవ్?”

పాండు వంగి బండిని లేపిండు.

“మా అన్నకు ఓటెయ్యలే గద, ఏసినోన్నే పిలుచుకో అన్నవ్. జరసేపటికి దాని గింజుకునుడు బందైంది. పడ్డకాడనే పాణం పోయింది.”

వానకాలం నుంచి కాలుతున్న ఆమె కడుపు ఇయ్యాల చల్లబడ్డది.

“ఎంకపల్లిల నాకోసం చూస్తున్నరు. ఇప్పుడెట్లవ్వా?”

“మీ అన్నను పిలుచుకో.”